వెనక ఇరుసులో ఎల్‌ఎస్‌డి: బెజవాడ, గుంటూరు దారుల్లో దానికి పని ఎంత?

విజయవాడలోనో గుంటూరులోనో ఎస్‌యూవీ కొనడానికి షోరూముకు వెళ్లినవారికి అక్కడి సేల్స్ కుర్రాడు మూడు పేర్లు ఒకే ఊపులో చెబుతాడు: ట్రాక్షన్ కంట్రోల్, లాకింగ్ డిఫరెన్షియల్, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. వినేవారికి మూడూ ఒకటే అనిపిస్తాయి. బురదలో బండి కూరుకుపోకుండా కాపాడేవి, అంతే. నిజానికి ఈ మూడూ మూడు వేర్వేరు పద్ధతులు. ఒకటి బ్రేకులతో పనిచేస్తుంది, ఒకటి రెండు చక్రాలనూ కట్టేస్తుంది, ఒకటి బలాన్ని కొంతవరకు అటూ ఇటూ సర్దుతుంది. వీటిలో మూడోదాని గురించే గందరగోళం ఎక్కువ. దాన్ని పొట్టిగా ఎల్‌ఎస్‌డి అంటారు. రోజూ ఆఫీసుకు, వారానికోసారి ఊరికి, ఏడాదికోసారి తీర్థయాత్రకు వెళ్లే బండికి అది కావాలా, అక్కర్లేదా అన్నది తేల్చాలంటే ముందు డిఫరెన్షియల్ ఎందుకు పుట్టిందో చూడాలి.

ఈ ప్రశ్న అందరిదీ కాదని ముందే చెప్పుకోవడం మంచిది. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళుతుంది. వాటి వెనక ఇరుసులో డిఫరెన్షియల్ అనేదే ఉండదు. వెనక చక్రాలతో నడిచే బొలేరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, ఈకో వంటివాటికి, ఫోర్ బై ఫోర్ బండ్లకే ఈ చర్చ వర్తిస్తుంది.

మలుపులో రెండు చక్రాలు నడిచే దూరం ఒకటి కాదు

ఎడ్లబండి చక్రాలు ఇరుసు మీద దేనికది స్వేచ్ఛగా తిరుగుతాయి. లాగేవి ఎడ్లు కాబట్టి చక్రాలకు బలం అందించే పని లేదు. మోటారు బండిలో అలా కుదరదు. ఇంజిన్ తన బలాన్ని చక్రాల ద్వారానే నేలకు అందించాలి. రెండు వెనక చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే బలం అందుతుంది కానీ మలుపులో చిక్కు వస్తుంది.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. ఎంత ఎక్కువ? రెండు వెనక చక్రాల మధ్య ఎడం 1.5 మీటర్లు అనుకుందాం. లంబకోణపు మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా 2.36 మీటర్లు అదనంగా నడుస్తుంది. మలుపు ఇరుకు సందులోదైనా, బెంజ్ సర్కిల్ దగ్గరి విశాలమైనదైనా ఈ తేడా మారదు. తేడా మలుపు కోణం మీద, చక్రాల ఎడం మీద మాత్రమే ఆధారపడుతుంది. మలుపు వెడల్పుతో దానికి పని లేదు. బందరు రోడ్డు మీద యూ టర్న్ తీసుకుంటే తేడా 4.71 మీటర్లు. రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగిసి ఉంటే ఆ నాలుగు మీటర్ల పైచిలుకు దూరాన్ని ఏదో ఒక టైరు తారు మీద ఈడ్చుకుంటూ పోవాల్సిందే.

ఈ చిక్కును విప్పేదే డిఫరెన్షియల్. వెనక ఇరుసు నడుమ ఉబ్బుగా కనిపించే హౌసింగ్‌లో, ఇంజిన్ బలాన్ని ఇరుసుకు అందించే క్రౌన్, పినియన్ గేర్లతో పాటు చిన్న స్పైడర్ గేర్లు ఉంటాయి. ఒక చక్రం నెమ్మదిస్తే రెండోది అంతే మేరకు వేగం పుంజుకునేలా అవి సర్దుతాయి. 1820ల చివరలో ఒనెసిఫోర్ పెక్వెర్ అనే ఫ్రెంచివాడు ఆవిరి బండి కోసం దీన్ని వాడాడు. మోటారు కారు అప్పటికి ఇంకా పుట్టలేదు.

మామూలు డిఫరెన్షియల్ ఎక్కడ చేతులెత్తేస్తుంది

మామూలు డిఫరెన్షియల్‌ను ఓపెన్ డిఫరెన్షియల్ అంటారు. దాని గురించి ఒక పొరపాటు అభిప్రాయం బాగా పాతుకుపోయింది. చక్రం జారితే బలమంతా ఆ జారే చక్రానికే వెళ్లిపోతుందని చాలామంది చెబుతారు. జరిగేది అది కాదు. ఓపెన్ డిఫరెన్షియల్ వేగాన్ని ఎలాగైనా పంచుతుంది కానీ తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. చిక్కంతా ఆ సమానత్వంలోనే ఉంది. ఎడమ చక్రం బురదలో ఉండి కొద్దిపాటి బలానికే జారిపోతుంటే, దానికి అంతకు మించి బలం ఎక్కించలేం. దానికి ఎక్కనిది కుడి చక్రానికీ ఎక్కదు. కుడి చక్రం గట్టి తారు మీద ఉన్నా సరే, బురదలో ఉన్న చక్రానికి దక్కినంతే దానికీ దక్కుతుంది.

అందుకే బండి కదలదు, ఒక చక్రం మాత్రం గిరగిర తిరుగుతుంది. పైగా ఒక చక్రం నిలిచిపోయినప్పుడు రెండోది మామూలుకు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. గేర్‌బాక్స్ నుంచి లెక్క తీసుకునే పాత బండ్లలో స్పీడోమీటరు 40 చూపిస్తోందంటే బురదలోని చక్రం 80 వేగంతో తిరుగుతున్నట్టు. కోపం కొద్దీ యాక్సిలరేటర్ అలాగే తొక్కి పట్టుకుంటే టైరు పాడవుతుంది. మలుపుల్లో మెల్లగా తిరగడానికే తయారైన స్పైడర్ గేర్లు కూడా అరిగిపోతాయి.

ఈ ఇబ్బంది మన రైతులకు కొత్త కాదు. దుక్కిలో ట్రాక్టరు ఒక చక్రం తిరుగుతూ ఆగిపోతే డ్రైవరు మడమ దగ్గరున్న డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాడు. రెండు చక్రాలూ ఒక్కటై ట్రాక్టరు బయటపడుతుంది. లాక్ పడి ఉండగా మలుపు తిప్పకూడదనీ అతనికి తెలుసు. కారులో ఆ పెడల్ ఉండదు. కారు తారు రోడ్డు మీద వేగంగా పోవాలి, మలుపులు తిరగాలి, అవసరమైనప్పుడు మాత్రం కొంత బిగుసుకోవాలి. ఈ మధ్యేమార్గమే ఎల్‌ఎస్‌డి.

ఇది ముందుగా రేసు కార్లకు వచ్చింది. 1930ల్లో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ రేసు కార్లలో ఇంజిన్ బలం మరీ ఎక్కువ కావడంతో మంచి వేగంలో ఉన్నప్పుడు కూడా లోపలి వెనక చక్రం జారిపోయేది. ఆ సమస్యకు జర్మన్ కంపెనీ జడ్‌ఎఫ్ తయారుచేసిన పరిష్కారం ఇది. మామూలు జనం కొనే కార్లలోకి రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ దీన్ని తన కార్లలో ఇచ్చింది.

లెక్క వేసి చూస్తే: కాలవ గట్టు ఎక్కే బండి

మాటల్లో చెబితే అన్ని యంత్రాలూ ఒకేలా గొప్పగా వినిపిస్తాయి. ఒక చిన్న లెక్క వేస్తే తేడా కనబడుతుంది.

మనుషులతో, సామానుతో కలిపి 1,800 కిలోల వెనక చక్రాల బండి పొలం దారి నుంచి కాలవ గట్టు మీదికి ఎక్కుతోందనుకుందాం. నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే ఎత్తు. ఆ ఎత్తు ఎక్కడానికి 144 కిలోల తోపు కావాలి. మెత్తని నేల టైర్లను పట్టి లాగుతుంది కాబట్టి దానికి బరువులో ఐదు శాతం, అంటే 90 కిలోలు. మొత్తం 234 కిలోల తోపు వెనక చక్రాల నుంచి రావాలి.

బరువులో సగం వెనక ఇరుసు మీద ఉంటే ఒక్కో వెనక చక్రం మీద 450 కిలోలు పడుతుంది. కుడి చక్రం గట్టి కంకర మీద ఉంది, బరువులో అరవై శాతం మేరకు పట్టు దొరుకుతుంది: 270 కిలోలు. ఎడమ చక్రం తడి మట్టి మీద ఉంది, దానికి పదిహేను శాతమే: 67.5 కిలోలు.

ఓపెన్ డిఫరెన్షియల్ రెండింటికీ సమానంగా ఇస్తుంది. 67.5 కిలోలకు రెట్టింపు, 135. కావలసింది 234. బండి కదలదు.

ఎక్కువ పట్టున్న చక్రానికి మూడు రెట్ల వరకు బలం పంపగల ఎల్‌ఎస్‌డి ఉంటే ఎడమకు 67.5, కుడికి 202.5, మొత్తం 270. బండి ఎక్కేస్తుంది. పూర్తిగా లాక్ చేస్తే 67.5 కి 270 కలిపి 337.5. ఇదీ ఎక్కుతుంది, ఇంకాస్త సులువుగా.

ఇప్పుడు ఎడమ చక్రం గుంత మీద దాదాపు వేలాడుతూ నేలను అంటీ అంటనట్టు ఉందనుకోండి. దానికి దొరికే పట్టు 22.5 కిలోలే. ఓపెన్‌తో 45, ఎల్‌ఎస్‌డితో 90, లాక్‌తో 292.5. అంటే ఎల్‌ఎస్‌డి ఉన్నా బండి అక్కడే ఉంటుంది. లాక్ ఉన్నది మాత్రం బయటికి వస్తుంది. మూడు రెట్లు పంపగలిగినా, దేనికి మూడు రెట్లు అన్నదే ముఖ్యం. సున్నాకు మూడు రెట్లు సున్నానే.

ఈ లెక్క నుంచి తేలేది ఒకటుంది. ఈ యంత్రాలేవీ కొత్తగా పట్టు పుట్టించవు. ఒక చక్రం కింద వాడుకోకుండా మిగిలిపోయిన పట్టును వాడుకునేలా చేస్తాయి. ఎడమ చక్రం కిందా కుడి చక్రం కిందా పట్టు ఒకేలా ఉంటే నేరుగా వెళ్లేటప్పుడు ఓపెన్‌కూ ఎల్‌ఎస్‌డికీ తేడా లేదు. కాబట్టి మనం తిరిగే దారుల్లో రెండు వైపులా పట్టు వేరువేరుగా ఉండే చోట్లు ఎన్ని ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. దారి ఎంత పాడైపోయిందన్నది రెండో విషయం.

ఎల్‌ఎస్‌డి అనే పేరు కింద ఎన్ని రకాలు

పాత రకంలో క్లచ్ ప్లేట్లు ఉంటాయి. ఒక చక్రం రెండోదానికన్నా వేగంగా తిరగబోతే ప్లేట్లు ఒకదానితో ఒకటి రాసుకుని అడ్డుకుంటాయి. స్ప్రింగులతో ముందే కొంత బిగించి ఉంచుతారు కాబట్టి చక్రం గాల్లో ఉన్నా కాస్త బలం రెండోవైపుకు వెళుతుంది. రాసుకోవడమే దాని పని గనుక ప్లేట్లు అరుగుతాయి, ఏనాటికో ఒకనాటికి మార్చాలి.

రెండోది పూర్తిగా గేర్లతో నడిచేది. అమెరికాకు చెందిన వెర్నాన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంటు తీసుకున్న టోర్సెన్ ఇందులో పేరున్నది. ఏటవాలు పళ్ల గేర్లు బలం పడ్డప్పుడు తమంతట తామే బిగుసుకుంటాయి. ప్లేట్లు లేవు, వాటితో వచ్చే తరుగుడు లేదు. అది పనిచేస్తున్నట్టు కూడా డ్రైవరుకు తెలియదు. దాని బలహీనత మన లెక్కలో రెండో సందర్భమే: చక్రం గాల్లో తేలితే చేతులెత్తేస్తుంది. అమెరికా సైన్యపు హమ్‌వీ బండ్లలో ఇలాంటివే ఉండేవి. చక్రం గాల్లోకి లేచినప్పుడు యాక్సిలరేటర్ తొక్కుతూనే బ్రేకు కూడా కొద్దిగా నొక్కే పద్ధతి వాటి డ్రైవర్లు పాటించేవారు. బ్రేకు ఆ గాల్లోని చక్రానికి కాస్త బరువు తగిలించినట్టవుతుంది, అప్పుడు గేర్లు బిగుసుకుంటాయి.

చిక్కటి సిలికాన్ ద్రవంతో పనిచేసే విస్కస్ రకం ఒకటుంది. మెత్తగా ఉంటుంది, ఆలస్యంగా స్పందిస్తుంది. ఖరీదైన కార్లలో క్లచ్ ప్లేట్లను కంప్యూటర్ బిగించి వదిలే ఎలక్ట్రానిక్ రకం ఉంటుంది.

మన దేశంలో ఎక్కువమంది ఎల్‌ఎస్‌డి అని పొరబడేది మాత్రం ఇంకొకటి. మహీంద్రా థార్, బొలేరో నియోల్లో కొన్ని వేరియంట్లకు ఇచ్చిన మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ అది, ఈటన్ కంపెనీ తయారీ. మామూలుగా ఓపెన్‌లాగానే ఉంటుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటగానే లోపలున్న చిన్న గుండ్లు విసురుకు విచ్చుకుని రెండు చక్రాలనూ పూర్తిగా కట్టేస్తాయి. గంటకు ముప్పై కిలోమీటర్లకు కాస్త పైవేగం దాటితే అది లాక్ కాదు. బటన్ లేదు, పెడల్ లేదు. మలుపుల్లో సాయం చేయడం దీని పని కాదు. నెమ్మదిగా వెళుతూ చిక్కుకున్న బండిని బయటికి తీయడానికే ఉంది. ఫోర్స్ గూర్ఖాలో డ్రైవరే చేత్తో వేసుకునే లాకులున్నాయి. అవి ట్రాక్టరు పెడల్‌కు దగ్గరి చుట్టాలు.

బ్రేకుతో పని కానిచ్చే కంప్యూటర్

ఇవేవీ లేకుండా ఓపెన్ డిఫరెన్షియల్‌తోనే బయటపడే దారి ఇంకొకటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి. ఏబీఎస్ ఉందంటే ప్రతి చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్ ఉన్నట్టే. దానికి తోడు ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉన్న బండిలో జారే చక్రానికి మాత్రమే కంప్యూటర్ తనంతట తానే బ్రేకు వేస్తుంది. బ్రేకు అడ్డుపడ్డ కొద్దీ ఆ చక్రాన్ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, డిఫరెన్షియల్ అంతే బలాన్ని రెండోవైపుకూ పంపుతుంది.

మన లెక్కలోని వేలాడే చక్రానికి 200 కిలోల మేర బ్రేకు పడిందనుకుందాం. అప్పుడు రెండోవైపుకు 222.5 వెళుతుంది. నేలకు అందేది 22.5, 222.5 కలిపి 245. గట్టు ఎక్కడానికి కావలసిన 234 దాటింది. ఎల్‌ఎస్‌డి చేయలేని పని బ్రేకు చేసేసింది! ఉచితంగా కాదు మరి. ఇంజిన్ 445 కిలోల మేర శ్రమపడింది, అందులో 200 బ్రేకు ప్లేట్ల దగ్గర వేడిగా పోయింది. రెండు నిమిషాల పనికి ఇది బాగానే ఉంటుంది. అదే పనిగా అరగంట బురదలో నడిపితే బ్రేకులు వేడెక్కుతాయి, కంప్యూటర్ కాసేపు ఆ సాయం ఆపేస్తుంది.

టొయోటా అమెరికాలో అమ్మే కొన్ని పికప్‌లలో ఈ బ్రేకు పద్ధతికే ఆటో ఎల్‌ఎస్‌డి అని పేరు పెట్టింది. ఇరుసులో అదనంగా ఒక్క గేరు కూడా ఉండదు, పేరు మాత్రం ఉంటుంది. బ్రోషర్‌లో ఏముందన్నదాని కన్నా హౌసింగ్‌లో ఏముందన్నది అడిగి తెలుసుకోవలసి రావడానికి ఇదే కారణం.

విజయవాడ, గుంటూరు దారుల్లో తేడా ఎక్కడ వస్తుంది

రెండు నగరాల మధ్య జాతీయ రహదారి మీద, వానలో అయినా సరే, రెండు వెనక చక్రాలూ ఒకే రకం తడి తారు మీద ఉంటాయి. పట్టు తగ్గుతుంది, రెండు వైపులా సమానంగా తగ్గుతుంది. గన్నవరం విమానాశ్రయం నుంచి మంగళగిరి మీదుగా గుంటూరుకు రోజూ తిరిగే క్రిస్టా టాక్సీకి ఎల్‌ఎస్‌డి ఉన్నా ఏడాది పొడవునా దాదాపు ఖాళీగానే కూర్చుంటుంది. ఇంద్రకీలాద్రి, కోటప్పకొండ, కొండవీడు ఘాట్ రోడ్లూ అంతే. ఎత్తు ఉంటుంది, మలుపులు ఉంటాయి, తారు మాత్రం రెండు చక్రాల కిందా ఉంటుంది. రేసు కారులాగా మలుపులో యాక్సిలరేటర్ తొక్కి లోపలి చక్రాన్ని లేపేవాళ్లు భక్తుల్లో అరుదు.

తేడా వచ్చేది రోడ్డు మార్జిన్‌లో. కృష్ణ కరకట్ట వంటి ఇరుకు దారుల్లో ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలోకి పోతాయి. వానాకాలంలో అక్కడ ఆగి మళ్లీ కదలాలంటే కుడివైపు తారు, ఎడమవైపు జారుడు మట్టి. ఎల్‌ఎస్‌డి కోసమే తయారైన సందర్భం ఇది. పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాలు పక్కన ఖాళీ స్థలంలో సగం గడ్డి మీద, సగం సిమెంటు మీద పెట్టిన బండ్లదీ ఇదే పరిస్థితి.

నల్లరేగడి దగ్గర కథ తిరగబడుతుంది. పల్నాడు వైపు మిరప చేలకూ అమరావతి ప్రాంతపు డొంక దారులకూ వెళ్లేవారు ఎల్‌ఎస్‌డి తమకే ఎక్కువ అవసరమనుకుంటారు. నాలుగు చినుకులు పడితే ఆ మట్టి టైరు గాళ్లలో నిండిపోతుంది. కొత్త టైరు కూడా పదడుగులకు నున్నటి చక్రమవుతుంది, అదీ రెండు వైపులా ఒకేలా. పట్టులో తేడా లేదు, ఉన్న పట్టే తక్కువ. అక్కడ వెనక ఇరుసులో ఏ యంత్రం ఉన్నా పెద్దగా ఒరిగేది లేదు. గాళ్లు లోతుగా ఉండి మట్టిని విసిరేసే టైర్లు, నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు, లేదా చేను ఆరేదాకా ఆగడం, ఈ మూడే పనికొస్తాయి. ఏటి ఇసుకలోనూ అంతే: రెండు చక్రాలూ కలిసి దిగబడతాయి. అక్కడ టైర్లలో గాలి తగ్గించడం చేసే మేలు ఎల్‌ఎస్‌డి చేయదు.

గట్లు ఏటవాలుగా దాటే దారుల్లో ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. అక్కడ లాక్ గానీ బ్రేకు పద్ధతి గానీ కావాలి. అంటే సగటు ఎల్‌ఎస్‌డికి మన వైపు మిగిలే సొంత రంగం మార్జిన్లు, సగం తడిసిన గట్లు, వాలు దారుల్లో అక్కడక్కడా తగిలే బురద మడుగులు. అది చిన్నదే. కానీ ఆ దారిలో రోజూ పాలడబ్బాలనో పురుగుమందు డ్రమ్ములనో మోసే బొలేరోకు అది చిన్నది కాదు.

వానలో తోక జారుతుందన్న అభ్యంతరం

ఎల్‌ఎస్‌డి ఉంటే బండి మరింత క్షేమమని ఒక వర్గం అంటుంది. పట్టున్న చక్రానికి బలం పోతుంది కాబట్టి బండి నిలకడగా ఉంటుందని వారి వాదన. ఇంకో వర్గం సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. ఇద్దరూ చూసినదే చెబుతున్నారు, చూసిన సందర్భాలు వేరు.

టైరు ఒకేసారి రెండు పనులు చేస్తుంది: ముందుకు తోస్తుంది, పక్కకు జారకుండా ఆపుతుంది. గిరగిర తిరిగే టైరు రెండో పని దాదాపు మానేస్తుంది. ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఒక చక్రమే జారుతుంది. రెండోదానికి తక్కువ బలం అందుతోంది కాబట్టి అది పక్కపట్టు వదలదు, బండి వెనక భాగాన్ని నిలబెడుతుంది. ఎల్‌ఎస్‌డిలోనో లాక్‌లోనో బలం ఎక్కువై రెండు చక్రాలూ కలిసి జారితే ఆ ఆసరా పోతుంది. తోక పక్కకు వెళుతుంది. నడిమధ్య ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండే కట్ట దారిలో తడి మట్టి మీద అలా జరిగితే బండి వాలు వైపుకు జరుగుతుంది. అవతల కాలవ ఉంటుంది.

మలుపులో అదుపుగా బలం అందించే అలవాటున్న డ్రైవరుకు, పట్టు తగుమాత్రంగా ఉన్న రోడ్డు మీద, మొదటి వర్గం మాట నిజం. పట్టు బొత్తిగా లేనిచోట యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేవారి విషయంలో రెండో వర్గం మాట నిజం. బండిలో స్టెబిలిటీ కంట్రోల్ ఉంటే ఈ భయం చాలామేరకు తగ్గుతుంది, తోక జారుతున్నట్టు పసిగట్టగానే కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని తగ్గిస్తుంది. కంపెనీలు డిఫరెన్షియల్‌నూ ఆ కంప్యూటర్‌నూ ఒకదానికొకటి సరిపోయేలా కలిపి పరీక్షిస్తాయి. ఇద్దరిలో నాకు రెండో వర్గం వైపే కాస్త మొగ్గు. ఇంటిల్లిపాదీ నడిపే బండిలో అందరి పాదమూ ఒకేలా ఉండదు.

అరిగిన టైరు, తప్పు ఆయిల్

రోజువారీ వాడకంలో ఎల్‌ఎస్‌డి అడిగే అసలు ధర ఇక్కడ బయటపడుతుంది, ముఖ్యంగా క్లచ్ ప్లేట్ల రకంలో.

వెనక టైర్లలో ఒకటి పంక్చరై పాడైతే మనవాళ్లు ఒక్కటే కొత్తది వేయిస్తారు. కొత్త టైరు గాళ్ల లోతు 8 మిల్లీమీటర్లు, పాతది 3 అనుకుందాం. వ్యాసార్ధంలో 5 మిల్లీమీటర్ల తేడా. 350 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రానికి అది 1.4 శాతం. చిన్నదిగా కనిపిస్తుంది. విజయవాడ నుంచి గుంటూరుకు సుమారు 35 కిలోమీటర్లు తిన్నగా వెళ్లినా, ఒక చక్రం రెండోదానికన్నా అర కిలోమీటరు మేర ఎక్కువ తిరగాలి. ఒక లంబకోణపు మలుపు తేడా 2.36 మీటర్లే కదా. అంటే ఆ ఒక్క ప్రయాణంలో బండి ఒకే వైపుకు దాదాపు 210 మలుపులు తిరిగినంత పని డిఫరెన్షియల్ మీద పడుతుంది. ఓపెన్ రకం దీన్ని పట్టించుకోదు. క్లచ్ ప్లేట్లు దారి పొడవునా రాసుకుంటూనే ఉంటాయి, వేడెక్కుతాయి, అరుగుతాయి. అందుకే ఎల్‌ఎస్‌డి ఉన్న ఇరుసుకు టైర్లు జతగా మార్చమంటారు.

ఆయిల్ సంగతీ ఇలాంటిదే. క్లచ్ రకానికి గేర్ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే రసాయనం కలిసి ఉండాలి. అది లేని మామూలు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారి జారి పట్టుకుంటాయి, యూ టర్న్ తీసుకునేటప్పుడు వెనక నుంచి కటకటమని చప్పుడు, వణుకు వస్తాయి. బేరింగు పోయిందనుకుని ఇరుసు విప్పినవాళ్లున్నారు. చాలాసార్లు సరైన ఆయిల్ మార్చి, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో కొన్ని చుట్లు నెమ్మదిగా తిప్పితే ప్లేట్ల మధ్యకు ఆయిల్ చేరి చప్పుడు పోతుంది. గేర్ల రకానికి చాలావరకు ఈ బాధ లేదు.

వరద నీటి విషయంలో రకాల తేడా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన ఏ బండిలోనైనా ఇరుసు మీదుండే గాలి గొట్టం ద్వారా నీరు లోపలికి వెళ్లవచ్చు. ఆయిల్ పాలలా తెల్లబడిందంటే నీరు కలిసినట్టే. ఓపెన్ రకంలో గేర్లు, బేరింగులే తడుస్తాయి. క్లచ్ రకంలో ప్లేట్లు కూడా.

తర్వాత బిగించుకోవాలనుకుంటే, పాత బండి కొనాలనుకుంటే

కొత్త బండిలో వేరియంటుతో పాటే వచ్చేదానికీ, ఓపెన్ రకాన్ని తీసేసి ఎల్‌ఎస్‌డి పెట్టించుకోవడానికీ లెక్క వేరు. మొదటిదానికి కంపెనీ పరీక్షలు, వారంటీ ఉంటాయి. అవసరం అరుదైనా ఉంటే నష్టం లేదు, లాకింగ్ రకమైనా గేర్ల రకమైనా తారు మీద తన ఉనికి చాటుకోదు. రెండోదానికి విడిభాగం ధరతో పాటు క్రౌన్, పినియన్ మధ్య సందును మళ్లీ సరిచూసి బిగించే పనితనం కావాలి. మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటైనా ఇరుసు ఊళపెడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో, గుంటూరు ఆటోనగర్‌లో ఓపెన్ రకాన్ని కళ్లు మూసుకుని బిగించే మేస్త్రీలున్నారు. ఎల్‌ఎస్‌డి మాత్రం వాళ్ల దగ్గరికి వచ్చేది తక్కువ. పైగా వారంటీలో ఉన్న బండికి ఇలా చేస్తే ఇరుసుకు సంబంధించిన హామీని కంపెనీ నిరాకరించవచ్చు. ఆ డబ్బులో నాలుగు మంచి టైర్లు వస్తాయి. అవి గట్టు మీద, హైవే మీద, బ్రేకు వేసినప్పుడు, అన్నిచోట్లా పనిచేస్తాయి. ఎల్‌ఎస్‌డి వైపు మాట్లాడేవారు దీనికి చెప్పే జవాబు కూడా తోసిపుచ్చదగ్గది కాదు: టైర్లు మూడు నాలుగేళ్లలో అరిగిపోతాయి, గేర్ల రకం డిఫరెన్షియల్ బండి ఉన్నంతకాలం ఉంటుంది.

పాత బండి కొనేటప్పుడు ఇరుసులో ఏముందో తెలుసుకోవడానికి మెకానిక్కులు ఒక పరీక్ష చేస్తారు. రెండు వెనక చక్రాలనూ లేపి స్టాండ్ల మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, ముందు చక్రాలకు గట్టి అడ్డం పెట్టి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పుతారు. రెండోది ఎదురు దిశలో తిరిగితే అది ఓపెన్ కావచ్చు. అదే దిశలో తిరిగితే క్లచ్ రకం, ప్లేట్లలో ఇంకా బిగువు ఉంది. ప్లేట్లు పూర్తిగా అరిగిన క్లచ్ రకం ఓపెన్‌లాగే ప్రవర్తిస్తుంది. గేర్ల రకం, ఈటన్ లాకింగ్ రకం కూడా చేతి బలానికి బిగుసుకోవు కాబట్టి ఓపెన్‌లాగే కనిపిస్తాయి. అమ్మేవాడు ఎల్‌ఎస్‌డి అంటున్నా చక్రం ఎదురు తిరిగితే అబద్ధమాడుతున్నాడని వెంటనే అనడానికి లేదు. ఇదే పరీక్షను ఒక్క చక్రమే లేపి, ఇంజిన్ ఆన్ చేసి గేరు వేసి చేసేవాళ్లూ ఉన్నారు. ఓపెన్ రకంలో అలా చేస్తే లేపిన చక్రం ఊరికే తిరుగుతుంది. పనిచేసే ఎల్‌ఎస్‌డి ఉంటే బలం నేల మీదున్న రెండో చక్రానికి వెళుతుంది, బండి జాకీ మీద నుంచి ముందుకు దూకుతుంది.